చంటిబిడ్డకు పాలు పట్టడం – 2వ పాఠం: నోటి పట్టు

పుట్టిన గంటలోపే బిడ్డను తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టడం కిందటి పాఠంలో చూశాం. ఈ పాఠమంతా ఒక్క పని మీదే: బిడ్డ రొమ్మును నోటితో సరిగా అందుకోవడం. మొదటి వారంలో చనుమొనలు పగలడం, పాలు చాలట్లేదన్న బెంగ చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

వీపు ఆనించి కూర్చోండి. బిడ్డను పూర్తిగా మీవైపు తిప్పి, పొట్టకు పొట్ట తగిలేలా హత్తుకోండి. చెవి, భుజం, తుంటి ఒకే వరసలో ఉండాలి. మెడ పక్కకు తిప్పి గుటక వేసి చూడండి, ఎందుకో తెలుస్తుంది. చనుమొన బిడ్డ ముక్కుకు ఎదురుగా రావాలి, నోటికి కాదు. మీ అరచెయ్యి భుజాల వెనక ఉండాలి, వేళ్లు మెడకు ఆసరా ఇవ్వాలి. తల పట్టుకుని నొక్కితే బిడ్డ వెనక్కి విరుచుకుంటుంది.

ఇప్పుడు చనుమొనతో పైపెదవిని మెల్లగా రాయండి. నోరు కాస్త తెరవగానే తొందరపడొద్దు. ఆవులించినంత పెద్దగా తెరిచేదాకా ఆగి, చటుక్కున బిడ్డను దగ్గరికి తీసుకోండి. ముందు గడ్డం ఆనాలి. మీరే ముందుకు వంగి రొమ్మును నోట్లో పెట్టబోతే పట్టు జారుతుంది, మీ నడుమూ పట్టేస్తుంది.

పట్టు కుదిరితే కింది పెదవి బయటికి మడతపడుతుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం పైపెదవి వైపే ఎక్కువ కనిపిస్తుంది. మొదట గబగబా చీకి, పాలు చేపాక (ధారగా దిగడం మొదలయ్యాక) నిదానంగా, లోతుగా చీకుతూ గుటకలు వేస్తుంది. బుగ్గలు సొట్టపడినా, టక్‌టక్‌మని చప్పుడొచ్చినా చనుమొన ఒక్కటే నోట్లో ఉందన్నమాట. అప్పుడది గట్టి అంగిలికి ఒరుసుకుంటుంది. తాగాక చూస్తే ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంటుంది. మొదట్లో కొన్ని క్షణాలు చురుక్కుమనడం మామూలే, తాగినంతసేపూ నొప్పి ఉంటే ఓర్చుకోకండి. అలాగని లాగేయొద్దు: శుభ్రమైన చిటికెన వేలు పెదవి మూలనుంచి చిగుళ్ల మధ్యకు దూర్చి, పట్టు వదిలించి మళ్లీ మొదలుపెట్టండి. అయిదుసార్లయినా ఫరవాలేదు.

మొదటి రోజు ముర్రుపాలు ఒక్కోసారికి 2–10 మిల్లీలీటర్లే వస్తాయి. బిడ్డకు అంతే కావాలి. పాలు పడటం సాధారణంగా 2–4 రోజుల మధ్య.

వచ్చే పాఠం దాకా అభ్యాసం: 24 గంటల్లో 8–12 సార్లు పట్టండి, తడిసిన గుడ్డలు లెక్క రాయండి. 5వ రోజు నుంచి రోజుకు కనీసం 6 తడవాలి, నల్లటి విరేచనం పసుపురంగుకు తిరగాలి. లెక్క తగ్గినా, బిడ్డ తాగడానికి లేవనంత మగతగా ఉన్నా అదే రోజు డాక్టరుకు చూపించండి.