పడవను పక్కన పెట్టేముందే స్టెర్న్‌డ్రైవ్ గేర్ ఆయిల్ చూసుకోండి

సీజన్ అయిపోయాక చాలామంది పడవ కడిగి, కవర్ కప్పి, మిగతా పనులన్నీ మళ్లీ సీజన్ మొదలయ్యేటప్పుడు చూసుకుందాం అనుకుంటారు. మిగతావి ఆగితే ఆగాయి కానీ, స్టెర్న్‌డ్రైవ్ గేర్ ఆయిల్ మాత్రం ఆగకూడదు. స్టెర్న్‌డ్రైవ్ అంటే పడవ లోపలున్న ఇంజన్ శక్తిని వెనక బయట ఉండే ప్రొపెల్లర్‌కు అందించే గేర్ల భాగం. అందులో నీరు చేరి ఉంటే పడవ కదలకుండా ఉన్న నెలల్లోనే అసలు నష్టం జరుగుతుంది. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి కిందికి దిగి, తగిలిన బేరింగులకూ గేర్లకూ తుప్పు పట్టిస్తుంది. గడ్డకట్టే చలి ఉన్నచోట ముప్పు ఇంకా పెద్దది. నీరు మంచుగా మారేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి గేర్లను మూసి ఉంచే పెట్టె, అంటే గేర్‌కేస్ పగిలిపోవచ్చు. నీటినీ ఆయిల్‌నూ ఆపే చిన్న రబ్బరు సీల్‌తో పోయేది మొత్తం డ్రైవ్ మార్చేదాకా వస్తుంది.

పరీక్ష మొదలుపెట్టే ముందు డ్రైవ్‌ను పూర్తిగా కిందికి దించి, తాళం చెవి తీసి జేబులో పెట్టుకోండి, బ్యాటరీ స్విచ్ ఆపేయండి. కొన్ని మోడళ్లలో ఆయిల్ దించే డ్రెయిన్ స్క్రూ ప్రొపెల్లర్ వెనక ఉంటుంది, చేతులు అక్కడ పెట్టక తప్పదు. డ్రైవ్‌ను అలాగే ఒక రాత్రంతా కదపకుండా వదిలేయండి. మర్నాడు పైన గాలి కోసం ఉండే వెంట్ స్క్రూ ముట్టుకోకుండా, కింది డ్రెయిన్ స్క్రూను కొద్దిగా మాత్రమే వదులు చేసి, మొదట కారే నాలుగు చుక్కలను గాజు సీసాలో పట్టండి. విడిగా నీరు ఉంటే మొదట వచ్చేది అదే. తర్వాత వెంట్ స్క్రూ తీస్తే మిగతా ఆయిల్ ధారగా దిగుతుంది.

ఇప్పుడు ఆ సీసాను వెలుతురులో పెట్టి చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీరు కలిసి చిలికినట్టయిందని అర్థం. అయితే తొందరపడకండి, గాలి బుడగలు పట్టిన ఆయిల్ కూడా మసకగా కనిపిస్తుంది. కొన్ని గంటలు అలాగే ఉంచితే బుడగలు పైకి పోయి ఆయిల్ తేటపడుతుంది. నీరు కలిసినదైతే మసక అంత త్వరగా పోదు, లేదా అడుగున నీటి పొర కనిపిస్తుంది. డ్రెయిన్ స్క్రూకు అయస్కాంతం ఉంటే దాన్నీ వేళ్లతో తడమండి. మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలు అరుగుదలే. గుచ్చుకునే ముక్కలు, మెరిసే పెచ్చులు తగిలితే విషయం సీల్ దాటి గేర్ల దాకా వెళ్లింది, డ్రైవ్ విప్పించాల్సిందే.

లోపల ఇంజన్ పక్కన గేర్ ఆయిల్ బాటిల్ ఉన్నవాళ్లు దాన్ని చూసి నిశ్చింతగా ఉండిపోతారు. బాటిల్‌లో మట్టం తగ్గుతుంటే ఆయిల్ బయటికి పోతోందని, చల్లగా ఉన్నప్పుడు కూడా పెరుగుతూ పోతుంటే నీరు లోపలికి వస్తోందని అనుమానించాలి. కానీ బాటిల్‌లో ఆయిల్ తేటగా ఉన్నంత మాత్రాన కింద అంతా బాగుందని కాదు. నీరు చేరేది అడుగున, బాటిల్ ఉండేది పైన.

ఆయిల్ చెడిందని తేలగానే కొత్తది పోసి చేతులు దులుపుకోవడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. నీరు వచ్చిన దారి అలాగే ఉంటుంది, కొత్త ఆయిల్ కూడా అదే దారిన చెడుతుంది. ముందు తేలికైన చోట్ల చూడండి. డ్రెయిన్, వెంట్ స్క్రూల కింద ఉండే వాషర్లు పాతవే మళ్లీ వేశారా? ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తవి వేయాలి, పాతది నలిగి గట్టిపడి ఉంటుంది. తర్వాత ప్రొపెల్లర్ తీయండి. చేపల గాలపు దారం ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్ట్‌కు చుట్టుకుని, తిరిగే వేడికి సీల్‌లోకి కోసుకుపోతుంది. బయటికి సన్నటి వెంట్రుకలా ఒక కొస మాత్రమే కనబడొచ్చు, లోపల పదుల చుట్లు ఉండొచ్చు. దారం దొరికితే తీసేసి వదిలేయకండి, ఆ సీళ్లు మార్చాలి. షాఫ్ట్ మీద సీల్ ఆనే చోట గోరు పట్టేంత గాడి పడి ఉంటే కొత్త సీల్ కూడా నిలవదు.

ఇవి బాగుంటే ప్రెషర్ టెస్ట్ తప్పదు. ఆయిల్ మొత్తం దించి, బాటిల్‌కు వెళ్లే పైపును మూసి, ఒత్తిడి చూపే ముల్లున్న చేతి పంపుతో గాలి ఎక్కించాలి. మొదట 3 నుంచి 5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) దగ్గరే ఆపి కాసేపు చూడండి. ఒత్తిడి పెరిగితే సీల్ పెదవి, అంటే దాని లోపలి అంచు, షాఫ్ట్‌కు గట్టిగా అతుక్కుంటుంది కాబట్టి కొన్ని లీకులు తక్కువ ఒత్తిడిలోనే బయటపడతాయి. తర్వాత 10 నుంచి 15 పీఎస్ఐ దాకా తీసుకెళ్లవచ్చు, కానీ మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెను ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. పెద్ద కంప్రెసర్ గొట్టం నేరుగా పెడితే బాగున్న సీళ్లు కూడా ఊడిపోతాయి. ముల్లు నిలకడగా ఉన్నా అక్కడితో ఆపకండి. షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ, గేరు ముందుకూ వెనక్కూ మారుస్తూ మళ్లీ చూడండి. ముల్లు పడితే సబ్బునీళ్లు చల్లి బుడగలు ఎక్కడ వస్తున్నాయో వెతకండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ చుట్టూ, బేరింగులను పట్టి ఉంచే క్యారియర్ అంచున, పై సగం కింది సగం కలిసే చోట, గేరు మార్చే షాఫ్ట్ దగ్గర, ఇంజన్ వైపు ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ దగ్గర. చోటు తేలకపోతే డ్రైవ్ విప్పి, పై సగాన్నీ కింది సగాన్నీ విడివిడిగా పరీక్షిస్తే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

చాలామంది వదిలేసేది వాక్యూమ్ టెస్ట్, అంటే లోపలి గాలిని బయటికి లాగి చూసే పరీక్ష. నా దృష్టిలో ప్రెషర్ టెస్ట్ కంటే ఇదే ముఖ్యం. షాఫ్ట్ సీళ్లకు చాలా డ్రైవ్‌లలో ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో తిరిగిన రెండు పెదవులు ఉంటాయి, ఒకటి ఆయిల్‌ను ఆపేది, ఇంకోటి నీటిని ఆపేది. గాలి ఎక్కిస్తే మొదటి దాని సంగతే తెలుస్తుంది. నీళ్లలో నిజంగా జరిగేది వేరు. పరుగెత్తి వేడెక్కిన డ్రైవ్ ఆగగానే చల్లటి నీళ్లలో చల్లబడి, లోపలున్నది కుంచించుకుని బయటి నీటిని పీల్చుకుంటుంది. అందుకే ప్రెషర్ నిలిచిన డ్రైవ్‌లో కూడా నీరు కనబడుతుంది. మాన్యువల్ చెప్పినంత వాక్యూమ్ పెట్టి, అదీ కదలకుండా నిలిచేదాకా పరీక్ష పూర్తయినట్టు కాదు.

ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ మీద అనుమానం వస్తే బెలోస్ కూడా చూడాలి. ఇంజన్‌ను డ్రైవ్‌కు కలిపే యూ-జాయింట్ చుట్టూ ఉండే ఆ రబ్బరు మడతల్లో పగులు వస్తే నీరు అక్కడ నిలబడి సీల్‌ను నానబెడుతుంది. అంతకంటే ప్రమాదం, పడవలోకే నీరు వచ్చి మునిగే అవకాశం ఉంది. డ్రైవ్‌ను పైకెత్తి మడతలు విప్పారినప్పుడు టార్చి వేసి చూడండి. ఎత్తిన డ్రైవ్‌ను హైడ్రాలిక్స్ మీదే నమ్మి కిందికి దూరకండి, ఆధారం పెట్టండి.

మరమ్మతయ్యాక ఆయిల్‌ను కింది రంధ్రం నుంచే పంపుతో నెమ్మదిగా ఎక్కించాలి. పై రంధ్రంలో బుడగలు లేకుండా వచ్చాక ముందు వెంట్ స్క్రూ, తర్వాత డ్రెయిన్ స్క్రూ బిగించండి. తీసిన ఆయిల్ నీళ్లలో పారబోయకుండా వాడిన ఆయిల్ సేకరించే చోట ఇవ్వండి. లోపల తడి మిగిలి ఉంటుంది కాబట్టి కాసేపే నడిపి, చల్లారాక కింది నుంచి కొద్దిగా తీసి చూడండి. మసక కనబడితే ఆ ఆయిల్ కూడా దించి మళ్లీ కొత్తది పోసి, అప్పుడే పడవను పక్కన పెట్టండి.