వృషణం డేటాలో పైఆర్ఎన్ఏలను గుర్తుపట్టడం ఎలా

చిట్టెలుక వృషణం నుంచి తీసిన చిన్న ఆర్ఎన్ఏల సీక్వెన్సింగ్ ఫైల్ చేతికి రాగానే నేరుగా జీనోమ్‌కి మ్యాప్ చేసేయకండి. ముందు అడాప్టర్ (లైబ్రరీ తయారీలో ఆర్ఎన్ఏ చివర అతికించే ముక్క) కత్తిరించి, మిగిలిన రీడ్ల (మెషిన్ చదివిన ఒక్కో వరుస) పొడవుకి ఒక గ్రాఫ్ గీయండి. ఎదిగిన ఎలుకదైతే 22 అక్షరాల దగ్గర కనిపించేది మైక్రోఆర్ఎన్ఏల పీక్, 26 నుంచి 31 మధ్య కనిపించే పెద్దది పైఆర్ఎన్ఏలది, అంటే బీజకణాల్లో పివి రకం ప్రోటీన్లు పట్టుకునే చిన్న ఆర్ఎన్ఏలది. అందులో ఆ రకానికి చెందిన మిలి ప్రోటీన్ పట్టుకునేవి 26-27 దగ్గర, మివి పట్టుకునేవి 30 దగ్గర ఉంటాయి.

పొడవు ఒక్కటే చూసి తేల్చేస్తే మాత్రం దెబ్బతింటారు, ఎందుకంటే టీఆర్ఎన్ఏ ముక్కలు కూడా 30 దగ్గరే పోగవుతాయి, శుక్రకణాల్లో అయితే వాటిదే రాజ్యం. అందుకే మొదటి అక్షరం చూడాలి. పైఆర్ఎన్ఏల్లో ఎక్కువ శాతం యూతో మొదలవుతాయి, ఫైల్‌లో అది టీగా కనిపిస్తుంది. అలా కాకుండా జీసీఏటీటీజీజీటీజీజీ అంటూ మొదలయ్యే రీడ్లు కుప్పలుగా ఉంటే అవి గ్లైసిన్ టీఆర్ఎన్ఏ ముందు సగాలు, పక్కన పెట్టేయండి. లైబ్రరీ ఇంకా తయారు చేయకపోతే ఆర్ఎన్ఏకి ముందుగా పెరియోడేట్ అనే రసాయనం కలపండి. చివర మిథైల్ గుంపు ఉన్న పైఆర్ఎన్ఏలు దానికి తట్టుకుంటాయి, మామూలు ముక్కల చివర దెబ్బతిని వాటికి అడాప్టర్ అతకదు.

చాలాచోట్ల మ్యాప్ అయ్యే రీడ్లను తీసేయకండి. ట్రాన్స్‌పోజాన్లను (జీనోమ్‌లో అనేక కాపీలుగా ఉండి చోటు మారే డీఎన్ఏ ముక్కలను) అణిచే పైఆర్ఎన్ఏలు చాలావరకు అక్కడే ఉంటాయి. వాటిలో ఎదురెదురు పోగుల మీది రీడ్లు మొదటి 10 అక్షరాల మేర అతివ్యాపిస్తే పింగ్-పాంగ్ చక్రం, అంటే ఒక పైఆర్ఎన్ఏ దారిచూపిన కోత నుంచి ఎదురు పోగుది పుట్టే పద్ధతి, నడుస్తున్నట్టు. పిండదశ బీజకణాల్లో ఇది బలంగా కనబడుతుంది, పాకిటీన్ (మియోసిస్ కణవిభజనలో ఒక దశ) పైఆర్ఎన్ఏల్లో బలహీనం, కాబట్టి అక్కడ కనబడలేదని కంగారు పడక్కర్లేదు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది పోలిక. ఏదో జీన్ తీసేస్తే పైఆర్ఎన్ఏలు తగ్గాయనుకోండి, ఆ జీనే వాటిని తయారుచేస్తోందని వెంటనే రాసేయకండి. ఏ-మిబ్ అనే ప్రోటీన్ పాకిటీన్ పైఆర్ఎన్ఏల క్లస్టర్లను (జీనోమ్‌లో అవి పుట్టే చోట్లను) బాగా ఆన్ చేసేది పాకిటీన్ దశలోనే, కణాలు అక్కడికి చేరకముందే చచ్చిపోతుంటే వాటిని తయారుచేసే కణాలే ఉండవు కదా! పుట్టిన పిల్లల్లో మొదటి విడత కణాలు ఆ దశకి చేరేది సుమారు 14వ రోజుకి. అందుకని అదే వయసు తోబుట్టువులతోనే పోల్చండి, వీలుంటే ఫ్లో సైటోమెట్రీతో పాకిటీన్ కణాలను వేరుచేసి వాటినే సీక్వెన్స్ చేయండి, కుదరకపోతే కనీసం వృషణం సెక్షన్లు స్టెయిన్ చేసి కణాలు ఏ దశలో ఆగిపోతున్నాయో చూసుకోండి.