ఇంటి లోన్ మన లెక్క – 5వ పాఠం: చేతికొచ్చిన డబ్బు లోన్‌లో కట్టేయాలా?

కిందటి పాఠం చివర్లో ఒక పని చెప్పాను. బ్యాంకు యాప్‌లోంచో బ్రాంచికి వెళ్ళో లోన్ స్టేట్‌మెంట్ తీసుకుని మూడు అంకెలు నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను: ఇవాళ్టికి మిగిలిన అసలు, ఇప్పుడు నడుస్తున్న వడ్డీ రేటు, ఇంకా మిగిలిన నెలలు. ఆ మూడూ చేతిలో లేకుండా ఈ పాఠం చదివితే కాలక్షేపం తప్ప పని జరగదు, కాబట్టి లేనివాళ్ళు ముందు అవి తెచ్చుకోండి. పాఠం ఎక్కడికీ పోదు.

తెచ్చుకున్నవాళ్ళలో కొంతమందికి మూడో అంకె చూసి గుండె గుభేల్‌మని ఉంటుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో రేటు (ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు) 4 నుంచి 6.5 శాతానికి ఎక్కినప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐ ముట్టుకోకుండా నెలలు పెంచేశాయి. మూడేళ్ళు కట్టినా ఇంకా ఇరవై ఏళ్ళు మిగిలే ఉన్నట్టు కనిపించింది అందుకే. 2025లో రేటు దిగుతూ వచ్చి డిసెంబరుకి 5.25 అయింది కాబట్టి రెపోతో ముడిపడ్డ లోన్లకి ఆ మేరకు ఊరట వచ్చి ఉండాలి. మీ రేటు ఇంకా 9 దాటే ఉంటే ప్రీపేమెంట్ (గడువుకి ముందే అసలులో కట్టడం) సంగతి పక్కనపెట్టి ముందు 4వ పాఠంలో చెప్పిన రేటు మార్పు దరఖాస్తు, అంటే పాత రేటు తగ్గించమని మీ బ్యాంకుకే పెట్టేది, ఇవ్వండి. కొన్ని వేల ఫీజుతో అయ్యే పని అది, మీ లక్షలు పెట్టాల్సిన అవసరం ఉండదు.

ఇక అసలు విషయం. పాత పాఠాల్లో వాడిన జంటనే మళ్ళీ తీసుకుందాం, మనం ఊహించుకున్న జంటే. విజయనగరం కంటోన్మెంట్‌లో ఫ్లాట్ కొన్నారు. 25 లక్షల లోన్, 8.5 శాతం, 20 ఏళ్ళు, ఈఎంఐ 21,696. మూడేళ్ళు ఒక్క నెల తప్పకుండా కట్టారు, అంటే 7 లక్షల 81 వేలు పోశారు. మిగిలిన బాకీ ఎంతో తెలుసా? 23 లక్షల 37 వేలు. అసలులో తగ్గింది లక్షా 63 వేలే. మొదటి నెల ఈఎంఐలో 17,708 రూపాయలు వడ్డీకే పోయింది, అసలుకి చేరింది 3,988. ఇందులో మోసమేమీ లేదు. 25 లక్షల మీద నెల వడ్డీ అంత అవుతుంది, అంతే.

ఇప్పుడు వాళ్ళకి ఎల్ఐసీ పాలసీ మెచ్యూర్ అయి 3 లక్షలు వచ్చాయి. అది లోన్‌లో వేస్తే ఏమవుతుంది?

ఎక్సెల్ గానీ గూగుల్ షీట్ గానీ తెరవండి. ఒక గడిలో ఈక్వల్ గుర్తు పెట్టి, ఎన్‌పీఈఆర్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు (బాకీ తీరడానికి ఎన్ని నెలలు పడుతుందో చెప్పే ఫార్ములా) కొట్టి, బ్రాకెట్‌లో వరుసగా 8.5%/12, కామా, మైనస్ 21696, కామా, 2037150 వేసి బ్రాకెట్ మూయండి. చివరి అంకె 23,37,150లోంచి 3 లక్షలు తీసేయగా మిగిలిన బాకీ. మైనస్ మర్చిపోతే తలాతోకా లేని జవాబు వస్తుంది, కంగారుపడకండి, మళ్ళీ కొట్టండి. జవాబు 155 దగ్గర వస్తుంది. కట్టకముందు మిగిలినవి 204 నెలలు, అంటే 49 నెలలు ఎగిరిపోయాయి. ఆ 49 ఈఎంఐలు కలిపితే 10 లక్షల 63 వేలు, మనం వేసిన 3 లక్షలు తీసేస్తే వడ్డీలో మిగిలింది 7 లక్షల 63 వేలు.

ఈ 7.63 లక్షలు చూసి ఊగిపోకండి. వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లన్నీ ఈ అంకె దగ్గరే ఆగిపోతాయి. అది ఏళ్ళ తరబడి కూడిన మొత్తం. మీ 3 లక్షలు నిజంగా సంపాదించింది ఏడాదికి 8.5 శాతం, పైసా ఎక్కువ కాదు, తక్కువ కాదు. అదే 3 లక్షలు వేసి నెలలు తగ్గించకుండా ఈఎంఐ తగ్గించుకుంటే ఈఎంఐ 18,911 అవుతుంది, వడ్డీ ఆదా 2 లక్షల 68 వేలుగా కనిపిస్తుంది. చూడ్డానికి పెద్ద తేడా, కానీ అక్కడ నెలకి 2,785 రూపాయలు మీ చేతికే తిరిగొస్తున్నాయి కదా, ఆ లెక్క ఎవరూ వేయరు. రెండు దారుల్లోనూ డబ్బు చేసే పని 8.5 శాతానికే. అయినా నేను నెలలు తగ్గించుకోమనే చెప్తాను, ఎందుకంటే ఆ 2,785 ఇంటి ఖర్చుల్లో ఎటు పోయిందో ఏడాది తిరిగాక ఎవరికీ గుర్తుండదు.

ఎప్పుడు కట్టాం అన్నది కూడా చూడాలి. అదే 3 లక్షలు మూడేళ్ళ తర్వాత కాకుండా పన్నెండేళ్ళ తర్వాత కట్టారనుకోండి, అప్పటికి 96 నెలలు మిగిలి ఉంటాయి, అవి 71 అవుతాయి. తగ్గేది 25 నెలలు, వడ్డీ ఆదా 2 లక్షల 42 వేలు. రిటైర్మెంట్ డబ్బొచ్చాక ఒకేసారి కట్టేద్దామని కూర్చునేవాళ్ళు ఈ అంకె ఒకసారి చూసుకోండి.

8.5 శాతం మంచిదా కాదా అన్నది దేంతో పోలుస్తున్నారో దాన్నిబట్టి ఉంటుంది. ఎఫ్‌డీ 6.5 ఇస్తోంది అనుకుందాం, దాని మీద పన్ను కూడా ఉంది. 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి చేతికి మిగిలేది 5.15. పాత పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు ఉంది కాబట్టి అదే శ్లాబువాళ్ళకి 8.5 కాస్తా 6.73లా పడుతుంది. అప్పుడు కూడా ఎఫ్‌డీ కంటే లోన్ తీర్చడమే మేలు. కొత్త విధానంలో ఉన్నవాళ్ళకి సొంతంగా ఉంటున్న ఇంటి మీద ఆ మినహాయింపు లేదు, 8.5 అంటే 8.5 శాతమే. పన్ను కోసం లోన్ ఉంచుకోండి అని సలహా ఇచ్చే బంధువు మీకూ ఉండే ఉంటారు, మీరు ఏ విధానంలో రిటర్న్ వేస్తున్నారో ఆయన్ని అడగనివ్వండి ముందు.

పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు పథకంలో వడ్డీ 7.1 శాతం, పన్ను లేదు. ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి 8.2, దానికీ పన్ను లేదు. లోన్ రేటు 8 కిందికి వచ్చి, పదేళ్ళలోపు పాప కూడా ఉన్నవాళ్ళు ముందు సుకన్య నింపుకోవడం తప్పు కాదు. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల సంగతి: మార్కెట్ పడ్డప్పుడు సిప్ (ఫండ్‌లో నెలనెలా కట్టే వాయిదా) ఆపేయకుండా నిలబడ్డ అనుభవం మీకు ఉంటే ఆ పోలిక పెట్టుకోండి, లేకపోతే 12 శాతం వస్తుందన్న లెక్క కాగితం మీదే మిగిలిపోతుంది.

ఇక్కడిదాకా వడ్డీ లెక్క. పాఠంలో గట్టి భాగం ఇప్పుడు మొదలవుతుంది.

లోన్‌లో వేసిన డబ్బు గోడలో కలిసిపోతుంది. మీకు అవసరమొచ్చినప్పుడు ఇల్లు ఆ 3 లక్షలు తిరిగి ఇవ్వదు. ఉన్న లోన్ మీదే అదనంగా ఇచ్చే టాపప్ లోన్ అడగొచ్చు, కానీ అది మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ జీతం స్లిప్పులు, మళ్ళీ సిబిల్. ఉద్యోగం పోయినప్పుడే మీకు డబ్బు కావాలి, ఉద్యోగం లేనివాళ్ళకే బ్యాంకు ఇవ్వదు. అప్పుడు మన వైపు ఏం చేస్తాం? నూటికి రెండు రూపాయలకి తెస్తాం. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలు ఇంటి లోన్‌లో వేసినందుకు నెలకి 2,125 రూపాయల వడ్డీ తప్పింది, అవే 3 లక్షలు బయట రెండు రూపాయలకి తెస్తే నెలకి 6,000 కట్టాలి. లోన్ తొందరగా తీరుతోందని సంబరపడుతూ నెలకి 3,875 ఎదురు పెట్టుకోవడం ఇది. శ్రీకాకుళం, ఆమదాలవలస, రాజాం, బొబ్బిలి, ఎక్కడ చూసినా ఇలాంటి ఇల్లు ఒకటి తగులుతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. కొబ్బరి చెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. తోట మీదో, జీడి ఫ్యాక్టరీ మీదో ఆధారపడ్డ ఇంట్లో నెలనెలా ఈఎంఐ కట్టేవాళ్ళకి ఆరు నెలల ఇంటి ఖర్చుకీ ఈఎంఐకీ సరిపడా డబ్బు చేతిలో ఉండటం అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. గల్ఫ్‌లో వెల్డింగ్ పనికో ఓడ మీదకో వెళ్ళి కాంట్రాక్టుకి ఒకసారి పెద్ద మొత్తం పంపేవాళ్ళు ఉన్న ఇళ్ళదీ ఇదే లెక్క. తర్వాతి కాంట్రాక్టు ఎప్పుడు దొరుకుతుందో తెలీదు కాబట్టి వాళ్ళు ఆరు కాదు, తొమ్మిది నెలలు ఉంచుకోవాలన్నది నా అభిప్రాయం.

కాబట్టి కంటోన్మెంట్ జంట దగ్గరకి మళ్ళీ వద్దాం, ఈసారి వాళ్ళ మొత్తం పరిస్థితితో. చేతికొచ్చిన 3 లక్షలు కాక లక్షన్నర ఎఫ్‌డీ ఉంది. తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు 60 వేలు ఉంది. ఇంటి ఖర్చు నెలకి 25 వేలు. ఈఎంఐతో కలిపి ఆరు నెలలకి 2 లక్షల 80 వేలు పక్కన ఉండాలి. ఉన్న నాలుగున్నర లక్షల్లోంచి అది తీస్తే మిగిలింది లక్షా 70 వేలు. ఇందులోంచి ముందు 60 వేల అప్పు తీర్చేయాలి, దాని గురించి చర్చ కూడా అనవసరం. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే దానికంటే ముందు అది, నెలకి మూడున్నర శాతం, ఒక్కోసారి ఆ పైన కూడా పడుతుంది. గోల్డ్ లోన్ రేటు ఇంటి లోన్ రేటు కంటే ఎక్కువైతే అదీ ఈ వరుసలోకే.

ఇంటి లోన్‌కి మిగిలింది లక్షా 10 వేలు. ఎన్‌పీఈఆర్‌లో వేసి చూడండి, 204 నెలలు 184 అవుతాయి. 3 లక్షలతో మొదలుపెట్టి లక్షా 10 వేలకి దిగిపోయామే అనిపిస్తుంది. ఆగండి. 60 వేల అప్పు తీరిపోయింది కాబట్టి నెలకి 1,200 వడ్డీ మిగిలింది. దాన్ని ఈఎంఐకి కలిపి 22,896 కట్టండి. ఇప్పుడు నెలలు 166. మొత్తం తగ్గింది 38 నెలలు, బయటి అప్పు లేదు, 2 లక్షల 80 వేలు బ్యాంకులో ఉన్నాయి. మూడు లక్షలూ లోన్‌లో పోస్తే తగ్గేది 49 నెలలు, కానీ 60 వేల అప్పు అలాగే ఉంటుంది, చేతిలో లక్షన్నరే ఉంటుంది. నన్నడిగితే ఆ పదకొండు నెలల తేడా కోసం రెండోదారి పట్టను.

ఒకేసారి పెట్టడానికి డబ్బే లేనివాళ్ళు కూడా వెనకపడ్డట్టు కాదు. ఇదే బాకీ మీద ఈఎంఐ నెలకి 2,000 పెంచుకుంటే చాలు, 204 నెలలు 170కి వస్తాయి. జీతం పెరిగిన నెలలోనే పెంచాలి, తర్వాతైతే చేయి రాదు.

కట్టే పద్ధతి. ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే రేటు) ఇంటి లోన్‌ని వ్యక్తులు ముందే తీర్చుకుంటే బ్యాంకులు పెనాల్టీ వేయకూడదని ఆర్‌బీఐ 2012లోనే చెప్పింది, ఎవరైనా అడిగితే ఏ నిబంధన ప్రకారమో రాసిమ్మనండి. ఫిక్స్‌డ్ రేటు అయితే మాత్రం మీ అగ్రిమెంట్ చదువుకోండి. అసలు జాగ్రత్త వేరే ఉంది: డబ్బు ఊరికే లోన్ ఖాతాలోకి పంపేస్తే కొన్నిచోట్ల దాన్ని అడ్వాన్స్ ఈఎంఐగా జమ చేసుకుంటారు, అసలు తగ్గదు. యాప్‌లో పార్ట్ ప్రీపేమెంట్ అన్న ఆప్షన్ ద్వారా కట్టండి, లేదంటే బ్రాంచిలో "ఈ మొత్తం అసలులో జమ చేసి, ఈఎంఐ అలాగే ఉంచి, గడువు తగ్గించండి" అని రాతపూర్వకంగా ఇచ్చి కాపీ మీద ముద్ర వేయించుకోండి. వారం తర్వాత కొత్త షెడ్యూల్ తీసి మొదటి పేజీలో నెలల అంకె చూడండి. వడ్డీ మామూలుగా రోజువారీ బాకీ మీద లెక్కిస్తారు కాబట్టి మార్చి నెలాఖరు దాకా, సిరిమానోత్సవం అయ్యేదాకా అని డబ్బు పట్టుకుని కూర్చోవక్కర్లేదు, నిర్ణయం అయ్యాక ఆ వారంలోనే కట్టేయండి.

అభ్యాసం: మీ మూడు అంకెలు తీసుకుని నాలుగు లెక్కలు వేయండి. ఈఎంఐతో కలిపి ఆరు నెలల ఖర్చు ఎంత? లోన్ రేటు కంటే ఎక్కువ వడ్డీ ఉన్న అప్పులు ఎన్ని, మొత్తం ఎంత? అవి పోగా లోన్‌కి మిగిలేది ఎంత? అది వేస్తే ఎన్‌పీఈఆర్ ఎన్ని నెలలు చూపిస్తోంది? మూడో జవాబు సున్నా వస్తే వచ్చిందనే రాయండి, ఈఎంఐ 2,000 పెంచే లెక్క దాని కింద వేయండి.

6వ పాఠంలో లోన్ పూర్తిగా తీరాక కాగితాల సంగతి: 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు ఇవ్వకపోతే బ్యాంకు రోజుకి 5,000 చొప్పున ఎలా కట్టాలి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద ఉన్న అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) తీస్తే లోన్ ఇంకా కనిపిస్తుంటే ఏం చేయాలి. ఈలోగా మీ సేల్ డీడ్ నంబరు, లోన్ ఖాతా నంబరు ఒకే పేజీలో రాసి పెట్టుకోండి.