ద్రవ మందులతో విమాన ప్రయాణం: సెక్యూరిటీ చెక్‌కి ఎలా సిద్ధమవ్వాలి

వెళ్లేటప్పుడు ఎవరూ అడగని సిరప్ సీసానే తిరిగొచ్చేటప్పుడు పక్కన పెట్టేస్తారు. 2006 ఆగస్టులో ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలను పేల్చే కుట్ర బ్రిటన్‌లో బయటపడ్డాక పుట్టింది 100 మి.లీ. నిబంధన: చేతి బ్యాగులో అంతకన్నా పెద్ద సీసాల్లో ద్రవాలు తీసుకెళ్లకూడదు. మందులకు చాలా దేశాల్లో మినహాయింపు ఉంది. అయితే ఏం చూపిస్తే ఆ మినహాయింపు దక్కుతుందనేది దేశానికో తీరు. అమెరికాలో ప్రయాణానికి తగినంత మందు ఉందని ముందే చెబితే చాలు, డాక్టర్ లెటర్ తప్పనిసరి కాదు. బ్రిటన్‌లో మాత్రం 100 మి.లీ. దాటితే లెటరో ప్రిస్క్రిప్షన్ కాపీయో ఉండాలి. కాంటాక్ట్ లెన్స్ సొల్యూషన్‌కి అమెరికా మినహాయింపు ఇస్తుంది, బ్రిటన్ ఇవ్వదు. వీటికి తోడు, బ్యాగుల తనిఖీకి కొత్త రకం సీటీ స్కానర్లు వచ్చిన కొన్ని ఎయిర్‌పోర్టుల్లో 2 లీటర్ల సీసా కూడా వెళ్తుంది, అవి లేనిచోట పాత లెక్కే. కాబట్టి బయల్దేరేచోటు, విమానం మారేచోటు, తిరుగు ప్రయాణం మొదలయ్యేచోటు మూడూ చూసి, అన్నింటిలోకీ కఠినమైనదానికి సిద్ధపడండి.

ముందుగా మందు లెక్క వేయండి. పూటకు 10 మి.లీ. చొప్పున రోజుకు మూడు పూటలు, 12 రోజుల ప్రయాణమైతే 360 మి.లీ. విమానం ఆలస్యమైతే ఇబ్బంది లేకుండా ఇంకో మూడు రోజులకు 90 కలిపితే 450. డాక్టర్ లెటర్‌లో ఈ లెక్కే రాయించండి: పాస్‌పోర్టులో ఉన్నట్టే మీ పేరు, మందు జెనెరిక్ పేరు, మోతాదు, మొత్తం ఎన్ని మి.లీ., సిరంజిలు ఉంటే వాటి సంగతి. బ్రాండ్ పేరు ఒక్కటే ఉంటే పరాయి దేశంలో ఎవరికీ అర్థం కాదు.

మందును వేరే సీసాలోకి పోయకండి. ఫార్మసీ లేబుల్ లేని సీసా ఆఫీసర్ కంటికి ఏదో ఒక ద్రవం, అంతే. ఇంకో సంగతి, మినహాయింపు లేనిచోట లెక్కలోకి వచ్చేది సీసా సైజే. 200 మి.లీ. సీసాలో 50 మి.లీ. మందే ఉన్నా అది 200 కిందే లెక్క.

మందులన్నీ విడిగా ఒక పారదర్శక సంచిలో, లెటర్ పైన కనబడేలా పెట్టండి. బ్యాగ్ మెషీన్‌లోకి వెళ్లకముందే సంచి ట్రేలో పెట్టి, “ఇవి మందులు, 100 మి.లీ. కన్నా ఎక్కువ” అని చెప్పండి. చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి: చెప్పకుండా పంపిన సీసా తెరమీద కనబడితే బ్యాగంతా విప్పుతారు. మూత తీయమంటే, తెరిస్తే పాడయ్యే మందైతే ఆ మాట చెప్పి వేరే పద్ధతిలో పరీక్షించమని అడగండి. వాళ్లు కుదరదంటే సూపర్‌వైజర్‌ని పిలవమనండి. తుది నిర్ణయం అక్కడి అధికారులదే, వాదన పెంచితే టైమ్ పోతుంది.

ఇన్సులిన్‌ని చెక్-ఇన్ లగేజీలో వేయనే వేయకండి. కార్గోలో గడ్డకడితే ఇన్సులిన్ పాడైపోతుంది, కరిగాక మామూలుగానే కనిపించినా వాడకూడదు. చల్లదనం కోసం పెట్టే జెల్ ప్యాక్‌ని ఇన్సులిన్‌కి నేరుగా తగిలించకుండా మధ్యలో గుడ్డ పెట్టండి. ప్యాక్ సగం కరిగితే కొన్నిచోట్ల దాన్నీ ద్రవంగానే చూస్తారు కాబట్టి, అది మందు చల్లదనం కోసమేనని లెటర్‌లో ఒక వాక్యం రాయించండి. ఇన్సులిన్ పంప్, గ్లూకోజ్ సెన్సార్ ఉంటే వాటి తయారీదారు సూచనలు చదవండి. కొన్నింటిని ఎక్స్‌రేలోకి పంపకూడదు. అలాంటప్పుడు చేత్తో తనిఖీ చేయమని అడగాలి.

సెక్యూరిటీ దాటినంత మాత్రాన కస్టమ్స్ దాటినట్టు కాదు. మత్తు గుణమున్న కోడీన్ కలిసిన దగ్గు మందులాంటివాటికి కొన్ని దేశాల్లో ముందస్తు అనుమతి కావాలి. అది ఆ దేశ ఎంబసీ ద్వారా, టికెట్ కొనకముందే కనుక్కోవాలి.