లక్షన్నర కిలోమీటర్లు దాటిన కారుకు పెద్ద రిపేరు: వానలకు ముందే తేల్చుకోవాల్సినవి

రోహిణి కార్తె ఎండల్లో టెంపరేచర్ ముల్లు పైకి పోతోందనో, ఏసీ చల్లబడటం లేదనో కారును షెడ్డుకు తీసుకెళ్తాం. మేస్త్రీ బండిని పైకెత్తి చూసి పెద్ద లిస్టు రాసిస్తాడు. లోయర్ ఆర్మ్‌లు (చక్రాలను బాడీకి కలిపి ఉంచే కింది భాగాలు), షాక్ అబ్జర్బర్లు, క్లచ్ సెట్, రేడియేటర్, టైర్లు... అన్నీ కలిపితే డెబ్బై వేలు. అమ్మితే లక్షన్నర వచ్చే బండికి ఇంత పెట్టాలా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది.

ఆ చర్చ మృగశిర కార్తె లోపే ముగించండి. జోరు వానలో హైవే పక్కన బండి ఆగిపోయాక మన చేతిలో ఏమీ ఉండదు. టోయింగ్ బండి ఏ షెడ్డులో దించితే అక్కడే, వాళ్లు చెప్పిన రేటుకే పని చేయించుకోవాల్సి వస్తుంది.

ముందు తుప్పు, తర్వాత ఇంజన్

లిస్టులో ఒక్క పని మొదలుపెట్టే ముందు రెండు విషయాలు తెలుసుకోవాలి. ఈ రెండూ బాగుంటే మిగతా ఖర్చుకు అర్థం ఉంటుంది. బాగోకపోతే కొత్త క్లచ్ వేసినా, కొత్త టైర్లు వేసినా ఆ డబ్బు వెనక్కి రాదు.

మొదటిది బాడీ. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో తిరిగిన కార్లకు ఉప్పుగాలి వల్ల తుప్పు తొందరగా పడుతుంది. డోర్ల కింద అంచులు పైపైన పొక్కితే టింకరింగ్‌తో పోతుంది. కానీ ఫ్లోర్ మ్యాట్లు ఎత్తి చూడండి, స్టెప్నీ తీసి ఆ గుంతలో చూడండి. బండి లిఫ్ట్ మీద ఉన్నప్పుడు సస్పెన్షన్ బిగించే చోట్లు, జాకీ పెట్టే చోట్లు స్క్రూడ్రైవర్ పిడితో తట్టించండి. రేకు గలగలమన్నా, పొరలుగా రాలినా, సొట్టపడినా ఆ కారు మీద పెద్ద ఖర్చు పెట్టకండి. ఇంజన్ ఎంత బాగున్నా సరే. యాక్సిడెంట్‌లో మనల్ని కాపాడేది ఆ రేకే.

రెండోది ఇంజన్ పరిస్థితి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి పొగ చూడండి. నీలిరంగు పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. తెల్ల పొగ ఆగకుండా వస్తూ, ఎక్కడా లీక్ లేకుండానే కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజన్ బ్లాక్‌కు, పైనుండే హెడ్‌కు మధ్య ఉండే సీలు) అనుమానించాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గాలి గట్టిగా తన్నుతోందా? షెడ్లలో దాన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. అనుమానం ఉంటే సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. అన్ని సిలిండర్ల రీడింగులు దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువ వస్తే ఇంజన్ దింపి బోరింగ్ (అరిగిన సిలిండర్లను లోపల చెక్కి సరిచేయడం) చేసే ఖర్చు ముందుండొచ్చని లెక్క వేసుకోవాలి. ఈ టెస్టుకు అయ్యేది లిస్టులో ఉన్న ఏ పనితో పోల్చినా చాలా తక్కువ. అయినా చాలామంది దీన్ని వదిలేసి నేరుగా సామాన్లు కొనేస్తారు. నా మాట వింటే టెస్ట్ రిపోర్టు చేతికొచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

వాయిదా వేయకూడనివి

బండిని ఉంచుకున్నా, మూడు నెలల్లో అమ్ముదామనుకున్నా, నడిపినన్నాళ్లూ బ్రేకులు, టైర్లు, స్టీరింగ్, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్లు సరిగ్గా ఉండి తీరాలి. తడి రోడ్డు మీద వీటికి బేరం లేదు. టైర్ గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టప్రకారం ఆ టైర్ పనికిరాదు. వానాకాలానికి 3 మిల్లీమీటర్లు ఉంటేనే నాకు ధైర్యం. గాడి బాగున్నా వయసు చూడండి. టైర్ పక్కన అచ్చువేసిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందన్నమాట. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. వైపర్ బ్లేడ్ల సంగతి చెప్పక్కర్లేదు.

వదిలేస్తే ఇంజన్‌నే తినేసేవి ఇంకొన్ని ఉంటాయి. వాటిలో మొదటిది టైమింగ్ బెల్ట్, అంటే ఇంజన్ లోపల వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే బెల్ట్. కొన్ని ఇంజన్లకు దాని బదులు చైన్ ఉంటుంది. మీ ఇంజన్‌కు బెల్ట్ ఉందా, చైన్ ఉందా అని ముందు కనుక్కోండి. మన రోడ్ల మీద కోకొల్లలుగా కనిపించే స్విఫ్ట్, డిజైర్ 1.3 లీటర్ డీజిల్‌కు చైన్ ఉంటుంది. డస్టర్ 1.5 డీజిల్‌కు బెల్ట్. బెల్ట్ తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. వేలతో పోయేది ఒక్క క్షణంలో ఇంజన్ రిపేరుగా మారుతుంది. పాత ఓనరు మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకోండి. చైన్ అయితే చల్లగా స్టార్ట్ చేసినప్పుడు గరగరమని చప్పుడు వస్తోందేమో వినండి.

తర్వాత కూలింగ్. రేడియేటర్, వాటర్ పంప్, థర్మోస్టాట్, హోస్ పైపులు, ఫ్యాన్. ఎండాకాలమంతా బోరు నీళ్లు పోసుకుంటూ నెట్టుకొచ్చిన బండి అయితే రేడియేటర్ లోపల పాచి, తుప్పు పేరుకుని ఉంటాయి. ఒక్కసారి గట్టిగా ఓవర్‌హీట్ అయిందంటే హెడ్ వంగుతుంది.

పవర్ విండో, మ్యూజిక్ సిస్టమ్, సీట్ కవర్లు, బంపర్ గీతలు ఈ లిస్టులోంచి కొట్టేయండి.

మేస్త్రీని ఒక్కో పని గురించి ఇలా అడగండి: "అన్నా, ఇది ఇప్పుడు మార్చకపోతే ఏమవుతుంది? ఎన్నాళ్లు లాగొచ్చు?" పనివాడు మంచివాడైతే దాపరికం లేకుండా చెప్తాడు. మార్చిన పాత సామాన్లు తిరిగిమ్మని ముందే చెప్పండి. అదే లిస్టు పట్టుకుని ఇంకో షెడ్డుకూ వెళ్లండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట సామాను ధర వేరు, లేబర్ వేరు రాయించుకుని పోల్చుకోవడం కష్టమేం కాదు.

లెక్క ఎలా వేయాలి

అమ్మితే వచ్చే ధరతో రిపేరును పోల్చడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. కానీ ఈ కారు లేకపోతే దాని స్థానంలో ఏం కొంటాం, దానికెంత అవుతుంది అన్నది చూడాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏడున్నర లక్షల కొత్త కారు, 6 లక్షల లోన్, 9.5 శాతం వడ్డీ, ఐదేళ్లు. ఈఎంఐ సుమారు 12,600. మొదటి రెండేళ్లలో వడ్డీకే దాదాపు 95 వేలు పోతాయి. రెండేళ్లు దాటగానే ఇన్సూరెన్స్ లెక్కలో కారు విలువ 30 శాతం పడిపోతుంది, అంటే రెండు లక్షల పాతిక వేలు. మొత్తం 3 లక్షల 20 వేలు కరిగిపోయినట్టు.

పాత కారుకు ఇప్పుడు 70 వేలు, తర్వాత ఏడాదికి 30 వేల చొప్పున రెండేళ్లకు 60 వేలు, అమ్మకం ధరలో తగ్గేది 50 వేలు అనుకున్నా లక్షా 80 వేలు. తుప్పు లేని, ఇంజన్ బాగున్న కారు అయితే రిపేరు చేయించడమే మేలు. ఇంజన్ కూడా దింపాలంటే ఈ తేడా చాలావరకు పోతుంది.

ఆర్సీ మీద తేదీ కూడా చూడండి. 15 ఏళ్లు నిండితే ఇన్‌స్పెక్షన్ చేయించి ఐదేళ్లకు రెన్యువల్ చేసుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి దీనికి ఫీజు 600 నుంచి 5,000 అయింది, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ అదనం. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తవి చౌకయ్యాక పాత కారుకు నిరుటి రేటు వస్తుందని లెక్క వేసుకోకండి.

ఉంచుకుంటే, అమ్మేస్తే

ఉంచుకున్నవాళ్లు నీళ్లు నిలిచిన రోడ్డులోకి పోకండి. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. ఇంజన్‌లోకి నీళ్లు చేరి ఉంటే ఆ ఒక్క సెల్ఫ్‌కే పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. మామూలు ఇన్సూరెన్స్ ఈ నష్టాన్ని సాధారణంగా ఇవ్వదు. విడిగా ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకోవాలి, పాత కార్లకు అది దొరకడమూ కష్టమే.

అమ్మేసి సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఇంకో జాగ్రత్త. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా నీట మునిగింది, కార్లూ మునిగాయి. అలాంటి బండి కొంటే పాత కారు రిపేరే నయమనిపిస్తుంది. సీట్ బెల్టును చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి. సీటు కింది బోల్టులు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్లు చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర అడగండి.

మీ పాత బండి అమ్మేటప్పుడు పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి వదిలేయకండి. ఆర్సీ కొన్నవారి పేరు మీదకు మారిందో లేదో మీరే చూసుకోండి, ఫాస్టాగ్ క్లోజ్ చేయండి. రోడ్డెక్కే స్థితిలో లేని బండి అయితే రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్‌కే ఇచ్చి, బండి తుక్కుకు అప్పజెప్పినట్టు వాళ్లిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ జాగ్రత్త చేసుకోండి. కొత్త బండి పన్నులో దానికి రాయితీ ఎంతన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఆ సంగతి బండి అప్పజెప్పేముందే ఆర్టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోండి.