గణిత, గణాంక శాస్త్ర డిగ్రీ ఆర్థిక విలువను లెక్కగట్టడం ఎలా?

గణితంలోనో గణాంక శాస్త్రంలోనో డిగ్రీ చేస్తే ఏమొస్తుందని అడిగేవారికి సాధారణంగా ఒక సగటు జీతం చూపిస్తారు. ఆ అంకె నిజమే కావచ్చు గానీ, దానితో నిర్ణయానికి రాలేము. మనకు కావలసింది డిగ్రీ ఉంటే వచ్చే సంపాదనకూ, డిగ్రీ లేకపోతే అదే మనిషికి వచ్చే సంపాదనకూ ఉన్న తేడా. ఆ తేడా నుంచి చదువుకు అయిన ఖర్చు తీసివేస్తే మిగిలేదే డిగ్రీ ఆర్థిక విలువ. చదువును ఈ విధంగా పెట్టుబడిగా చూసి లెక్కించే పద్ధతిని ఆర్థికవేత్తలు గ్యారీ బెకర్ 1964లో, జేకబ్ మిన్సర్ 1974లో వెలువరించిన పుస్తకాలు స్థిరపరిచాయి. ఆ లెక్కను ఎవరైనా ఒక స్ప్రెడ్‌షీట్‌లో, వయసుకు ఒక వరుస చొప్పున వేసుకుని, స్వయంగా చేయవచ్చు.

ముందు ఖర్చుల గడి నింపండి. ఫీజులు, పుస్తకాలు, కంప్యూటర్ వంటివి ఎవరూ మరచిపోరు. మరచిపోయేది, ఆ మూడు నాలుగేళ్లలో ఉద్యోగం చేసి ఉంటే చేతికి వచ్చే జీతం; చాలా సందర్భాల్లో ఫీజుల కంటే ఇదే పెద్ద ఖర్చు. తిండి, బట్ట, అద్దె మాత్రం చదివినా చదవకపోయినా తప్పనివి కనుక, చదువు వల్ల అదనంగా పెరిగిన భాగాన్ని మాత్రమే చేర్చాలి. అప్పు తీసుకుని ఫీజు కట్టేవారు ఫీజునూ, ఆ అప్పు వాయిదాలనూ రెండింటినీ రాస్తే ఒకే ఖర్చును రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. వాయిదాలనే రాయదలిస్తే ఫీజు గడి ఖాళీగా ఉంచండి. జీతాలన్నిటినీ పన్ను పోగా చేతికి వచ్చే మొత్తంగానే రాయాలి.

ఇప్పుడు ఒక లెక్క చేసి చూద్దాం. పద్దెనిమిదేళ్లకే ఉద్యోగంలో చేరితే ఏడాదికి 100 వస్తుందనుకుందాం. మూడేళ్ల డిగ్రీకి ఏటా 40 ఫీజు. డిగ్రీ తర్వాత జీతం 150, అంటే ఏటా 50 అదనం. అరవయ్యేళ్ల దాకా, అంటే 39 ఏళ్ల పాటు, ఆ తేడా అలాగే ఉంటుందనుకుందాం. చదివినన్నాళ్లూ ఏడాదికి పోయేది 140 (100 జీతం, 40 ఫీజు), మొత్తం 420. తర్వాత వచ్చేది 39 ఏళ్లకు 1950. పైపైన చూస్తే 1530 లాభం. అయితే ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే 50, ఈ రోజు చేతిలో ఉన్న 50తో సమానం కాదు. ఏడాదికి 5 శాతం (ఆ డబ్బును మరోచోట పెడితే వచ్చే రాబడి అనుకోండి) చొప్పున తగ్గించి ప్రస్తుత విలువకు తెస్తే, ఖర్చు సుమారు 381, రాబడి సుమారు 735 అవుతాయి. నికరంగా మిగిలేది 354. అదే రేటును 10 శాతం చేస్తే 18 మాత్రమే మిగులుతుంది. రేటు 10.5 శాతం దగ్గర లాభం దాదాపు సున్నా అవుతుంది. అంటే ఈ పెట్టుబడి మీద వచ్చే ప్రతిఫలం ఏటా 10.5 శాతమని అర్థం. జీతాలను నేటి ధరల్లో రాసినప్పుడు రేటులోంచి కూడా ద్రవ్యోల్బణాన్ని తీసివేయాలన్నది గుర్తుంచుకోవాలి. బ్యాంకు చెప్పే వడ్డీ రేటును ఉన్నదున్నట్టు పెట్టేస్తే చదువు నిజానికి ఉన్నదానికంటే నష్టంగా కనిపిస్తుంది.

ఈ లెక్క అంతా ఆ 50 మీద ఆధారపడి ఉంది కనుక ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది అక్కడే. పై ఉదాహరణలో ఏటా అదనపు సంపాదన సుమారు 26 కంటే తగ్గితే, 5 శాతం రేటు దగ్గర కూడా డిగ్రీ నష్టమే. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను క్రోడీకరించిన జార్జ్ సకారోపౌలోస్, హ్యారీ పట్రినోస్ 2018లో ఒక్కో అదనపు విద్యా సంవత్సరానికి సంపాదన సగటున సుమారు 9 శాతం పెరుగుతుందని తేల్చారు. మూడేళ్లకు ఆ లెక్కన 100 కాస్తా సుమారు 130 అవుతుంది. అప్పుడు మిగిలేది 354 కాదు, 60 మాత్రమే. అది అన్ని చదువులకూ, అన్ని దేశాలకూ కలిపి తీసిన సగటు. గణితం, గణాంకాల వంటి పరిమాణాత్మక శాఖల్లో తేడా ఎక్కువగా ఉంటుందని ఆశించడానికి కారణాలున్నాయి గానీ, పట్టభద్రుల జీతాన్ని చూసి ఆ తేడా మొత్తాన్ని డిగ్రీ ఖాతాలో వేయకూడదు. గణితంలో చేరేవారిలో చాలామంది బడిలోనే లెక్కల్లో ముందున్నవారు. వారు డిగ్రీ లేకుండా ఏ పనిలో చేరినా తోటివారి కంటే కొంత ఎక్కువే సంపాదించేవారు. కాబట్టి పోల్చవలసింది సగటు డిగ్రీ లేని మనిషితో కాదు, మీతో సమానమైన మార్కులు తెచ్చుకుని మరో దారి పట్టినవారితో. ఆ మరో దారి ఇంజినీరింగో కామర్సో కావచ్చు. అప్పుడు 100 ఉన్న చోట ఆ చదువు తెచ్చే సంపాదన రాయాలి. నా దృష్టిలో ఎక్కువమంది నిజంగా ఎదుర్కొనే ఎంపిక ఇదే, అయినా లెక్కలో దీన్ని పెట్టేవారు అరుదు.

జీతాల సమాచారం చదివేటప్పుడు సగటును కాక మధ్యగతాన్ని, అంటే జీతాలను వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేదాన్ని, చూడండి. అయిదుగురి జీతాలు 90, 100, 110, 120, 580 అయితే సగటు 200, మధ్యగతం 110. ఆ 200 వారిలో ఏ ఒక్కరి జీతానికీ దగ్గరగా లేదు. ఆర్థిక మార్కెట్లలో చేరిన కొద్దిమంది వల్ల గణిత పట్టభద్రుల సగటు ఇలాగే పైకి లేస్తుంది. వీలైతే కింది నాలుగోవంతు వారి జీతం కూడా వెతికి, దానితో లెక్క మళ్లీ వేయండి. ‘స్టాటిస్టిషియన్’ అన్న ఉద్యోగం పేరుతో కనిపించే జీతాలు తరచుగా మాస్టర్స్ లేదా పీహెచ్‌డీ ఉన్నవారివి కనుక, వాటిని బ్యాచిలర్స్ డిగ్రీ ఫలితంగా రాసుకోకూడదు.

వైద్యానికో న్యాయవాద వృత్తికో ఉన్నట్టు గణిత డిగ్రీ వెనుక లైసెన్సు లేదు. అందువల్ల తలుపులు చాలా ఉంటాయి, తనంతట తాను తెరుచుకునేది ఒక్కటీ ఉండదు. బీమా, బ్యాంకింగ్, మందుల ప్రయోగ పరీక్షలు, సాఫ్ట్‌వేర్, బోధన, ప్రభుత్వ గణాంక విభాగాలు ఇవన్నీ ఈ పట్టభద్రులను తీసుకుంటాయి. కానీ జీతాన్ని నిర్ణయించేది డిగ్రీ పేరు కంటే దాని పక్కన ఉన్నది. ప్రాబబిలిటీ, రిగ్రెషన్, శాంపిలింగ్, టైమ్ సిరీస్ చదివి, ఆర్ గానీ పైథాన్ గానీ (ఇవి ప్రోగ్రామింగ్ భాషలు), వాటితోపాటు డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ వాడి నిజమైన డేటా మీద పని చేసినవారికీ, నిరూపణల కోర్సులు మాత్రమే చదివినవారికీ మొదటి ఉద్యోగంలోనే తేడా కనిపిస్తుంది. ఆక్చువరీ వృత్తి (బీమా వంటి రంగాల్లో నష్టభయాన్ని లెక్కగట్టే పని) వైపు వెళ్లదలచినవారు, అమెరికా విధానంలో తొలి పరీక్షలైన ప్రాబబిలిటీ, ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్‌ను చదువుకుంటుండగానే పూర్తి చేయవచ్చు. వాటికి పోయిన జీతమంటూ ఏమీ ఉండదు కాబట్టి పెట్టిన ప్రతి గంటకూ రాబడి ఎక్కువ. కాలేజీని ఎంచుకునే ముందు పేరు ప్రతిష్ఠలతో పాటు మూడో ఏడాదిలో ఏ ఐచ్ఛిక కోర్సులు నిజంగా నడుస్తున్నాయో అడగడం మంచిది; సిలబస్‌లో అచ్చయినవన్నీ ప్రతి ఏడాదీ చెప్పరు.

డిగ్రీ నేర్పించే నైపుణ్యం కంటే అది యజమానికి ఇచ్చే సంకేతానికే విలువ అన్న వాదన ఆర్థికవేత్త మైఖేల్ స్పెన్స్ 1973లో రాసిన వ్యాసం నుంచి ఉంది. సమాజానికి అది ముఖ్యమైన ప్రశ్న. మీ ఒక్కరి లెక్కకు మాత్రం పెరిగిన జీతం ఏ కారణంగా పెరిగినా ఒకటే. ఒక్క విషయంలో తప్ప: సంకేతం పట్టా చేతికి వస్తేనే పనిచేస్తుంది, సగంలో ఆగిపోతే పనిచేయదు.

కాబట్టి పూర్తి చేయగలిగే అవకాశాన్ని కూడా లెక్కలో పెట్టాలి. బడిలో లెక్కలు చకచకా చేసినవారు కూడా రియల్ అనాలిసిస్, ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా వంటి డిగ్రీ సబ్జెక్టుల దగ్గర తడబడటం మామూలే, ఎందుకంటే అక్కడ అడిగేది జవాబు కాదు, నిరూపణ. పూర్తి చేసే అవకాశం 75 శాతమనీ, మానేసేవారు రెండేళ్ల తర్వాత ఏ లాభమూ లేకుండా బయటికి వస్తారనీ అనుకుంటే, 354 కాస్తా 200కు దిగుతుంది. అందరూ పూర్తి చేసినా ఒక ఏడాది ఆలస్యమైతే 197కు దిగుతుంది. చేరే ముందే ఒక నిరూపణల కోర్సు పాఠాలు నాలుగు వారాలు చదివి చూడటం ఈ నష్టాన్ని తగ్గించే చవకైన మార్గం.

మాస్టర్స్ చేయాలా అన్న నిర్ణయం వచ్చినప్పుడు ఇదే పట్టికను కొత్తగా వేయండి. అప్పటికి డిగ్రీకి అయిన ఖర్చు తిరిగి రాదు కనుక దాన్ని చేర్చకూడదు; పోయే జీతం గడిలో 100కు బదులు అప్పటి మీ అసలు జీతం రాయాలి, సంపాదించే ఏళ్ల సంఖ్యను తగ్గించాలి. పీహెచ్‌డీకి స్టైపెండ్ ఇచ్చే చోట ఆ మొత్తాన్ని పోయే జీతంలోంచి తీసివేసి, అదనంగా వచ్చే జీతం గడిలో ఆ శాఖలో పీహెచ్‌డీ ముగించినవారి మధ్యగతాన్ని మొత్తంగా కాక, అందులోంచి మాస్టర్స్‌తో ఆగి అంతే కాలం ఉద్యోగం చేసినవారి మధ్యగతాన్ని తీసివేయగా మిగిలే తేడాను నింపాలి.