పల్లీ అలర్జీ ఉన్న పిల్లలకి ప్యాకెట్ కొనేముందు

ముందువైపు బొమ్మ చూసి బుట్టలో వేసేయకండి, వెనక్కి తిప్పి చదవండి, ఇంగ్రీడియెంట్స్ దగ్గర్లోనే ‘కంటైన్స్’ అని విడిగా ఉంటుంది, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ రూల్స్‌లో పల్లీలు, పాలు, గుడ్లు, సోయా, చేపలు లాంటివి అలా చెప్పాల్సిందే.

‘మే కంటైన్’ అని, అంటే కలిసి ఉండొచ్చని, పల్లీల పేరుంటే పక్కన పెట్టేయండి, నా మాట వినండి.

పీనట్ అనే వెతక్కండి, గ్రౌండ్‌నట్ అని కూడా ఉంటుంది.

ఎప్పుడూ కొనే బిస్కెట్టే కదా అనుకోవద్దు, తయారీ మారొచ్చు, ప్రతిసారీ చదవాలి.



విడిగా అమ్మే మిక్చర్, స్వీట్లకి లేబులే ఉండదు, పల్లీలు వేయించిన నూనెలోనే అన్నీ వేయించి ఉండొచ్చు, అడిగినా కొట్లో కుర్రాడికి తెలీకపోవచ్చు, అనుమానముంటే కొనకండి.

అలర్జీ తీవ్రమైతే వెంటనే ఇచ్చే మందు ఎపినెఫ్రిన్‌ని డాక్టర్ రాసుంటే అది బ్యాగులో ఉందో లేదో చూసుకునే బయల్దేరండి.